నా ఒంటి మీద లేని చెంగు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివాక కూడా నన్ను నమ్మేవాళ్ళలో కలిపితే ఊరుకోను. నేను బడిలో చదివినదాన్ని కాను. మా నాన్నగారు బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే నాకు చదువు చెప్పారు. చూసింది చూసినట్టు చెప్పు, కలపకు, దాచకు అనేవారు. అందుకే రాస్తున్నాను.

మా చర్చి సంఘంలో దీన్ని అందరి ముందు సాక్ష్యంగా చెబుదామని లేస్తే పెద్దాయన ఒకరు పక్కకు పిలిచారు. "చెప్పమ్మా, దేవునికి స్తోత్రం. కానీ ఆ వైన్ సంగతి తీసెయ్యి. పొలానికి వెళ్ళామను, సరిపోతుంది" అన్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. తీసేసి చెబితే అది సాక్ష్యం ఎలా అవుతుంది?

మేముండేది కెనడాలో, బ్రాంప్టన్‌లో. ఆ రోజుల్లో మన పిల్లలు ఇక్కడి కాలేజీలకు ఎంతగా వచ్చారంటే, ఏ బేస్‌మెంట్ చూసినా నలుగురైదుగురు సర్దుకుని ఉండేవారు. మా బేస్‌మెంట్‌లో జ్యోతి ఒక్కతే ఉండేది. తణుకు వైపు పిల్ల. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి వేర్‌హౌస్‌లో పని. వచ్చిన రోజే వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మీ పిల్లే అనుకోండి అక్కా" అంది. సరేనన్నాను. ఆ మాట నేను తేలిగ్గా ఇవ్వలేదు.

అక్టోబరులో ఒక శనివారం, నయాగరా దగ్గర వైన్ తయారుచేసే పాత ద్రాక్షతోటలకు వెళ్ళి ఒక పూట హాయిగా తిరిగొద్దామన్నారు మావారు. మా ఇంట్లో తాగుడు లేదు. సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు కూడా నేనే ద్రాక్షపళ్ళు ఉడికించి, వడకట్టి రసం పంపిస్తాను.

"సారా తయారుచేసే చోటికి టికెట్ కొనుక్కుని వెళ్దామంటారా?" అన్నాను.

"బైబిల్ నిండా ద్రాక్షతోటలే కదే. చూస్తే పాపమా?"

జ్యోతి మెట్ల మీద నుంచే అందుకుంది. "ఆంటీ, బల్లకి పళ్ళు అక్కడే కొనేద్దాం. అప్పుడది చర్చి పని మీద ట్రిప్ అయిపోద్ది!"

నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను.

చలిగా ఉందని ఆ రోజు ప్యాంటు, స్వెటరు, మీద చలికోటు వేసుకున్నాను. చీర లేదు, చున్నీ కూడా లేదు. తోటలో జ్యోతి తీసిన ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

తోట మధ్యలో పాత రాతి భవనం. అక్కడ పనిచేసే తలనెరిసిన ఒకావిడ మాతో కలిపి ఎనిమిది మందిని నేల కింద ఉన్న సెల్లార్‌లోకి తీసుకెళ్ళి వైన్ పీపాలు చూపించింది. పక్కనే చిన్న గదిలో తొట్లలో రసం పులుస్తోంది. అందులోంచి వచ్చే గాలి నేలబారున పేరుకుంటుందనీ, పీల్చితే ప్రమాదమనీ, ఆ గదిలోకి వెళ్ళొద్దనీ చెప్పింది. అందరం పైకి వచ్చేశామనుకున్నాం. ఆవిడ సెల్లార్ తలుపు వేసి తాళం పెట్టింది.

పైన అందరికీ గ్లాసులు అందిస్తున్నారు. జ్యోతి వాష్‌రూమ్‌కు వెళ్ళిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు వినిపించింది. తాళం వేసిన తలుపు వెనక, కింద నుంచి, తెలుగులో ప్రార్థన. "ప్రభువా, ఈ బిడ్డను లేపు." గొంతు నాది.

నా పెదవుల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. మూసే ఉన్నాయి. మావారు నన్ను చూశారు, తలుపును చూశారు.

"అది నీ గొంతు కదే?" అన్నారు మెల్లగా.

ఆయనకూ నాకూ భ్రమ అనుకుందాం. కానీ తెలుగు ముక్క రాని ఆ పెద్దావిడ కూడా చేతిలో సీసా పక్కన పెట్టేసి, "కింద ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది" అని తాళంచెవులు తీసుకుని పరుగెత్తింది. తలుపు తెరుచుకోగానే గొంతు ఆగిపోయింది.

జ్యోతి ఆ చిన్న గదిలో, తొట్ల మధ్య నేల మీద ఒరిగిపోయి ఉంది. గాలి బయటికి లాగే ఫ్యాన్ తిరగడం లేదు. మావారు ఊపిరి బిగబట్టి వెళ్ళి పిల్లను బయటికి లాగారు. పెదవులు నీలంగా మారాయి. అంబులెన్స్ వాళ్ళు ఆక్సిజన్ పెట్టి, ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదన్నారు. వాళ్ళమ్మకు నేనిచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీద జ్యోతి నా చెయ్యి పట్టుకుంది.

"డబుల్ షిఫ్ట్ చేసొచ్చానాంటీ. మీరంతా పైకెళ్తుంటే, ఆ గది వెచ్చగా ఉందని కాసేపు కూలబడ్డాను, అంతే. మీరొచ్చారుగా. నా తల ఒళ్ళో పెట్టుకున్నారు, చెంగు కప్పి ప్రేయర్ చేశారు."

"చెంగేంటమ్మా? నేను చీరెక్కడ కట్టుకున్నాను?"

"తెల్ల చీరాంటీ. బల్ల రోజు కట్టుకుంటారే, అది. చెంగు తడిగా ఉంది."

ఇంటికి రాగానే బీరువా తెరిచాను. ఆ చీర నేను పెట్టినచోటే ఉంది. పొడిగా ఉంది. మడత చెదరలేదు.

ఆ గాలికి మెదడు మసకబారి అలా అనిపించి ఉంటుందంటారు కొందరు. జ్యోతి సంగతి అలాగే అనుకోండి. పైన మంచి గాలిలో నిలబడ్డ మేము ముగ్గురం ఏం పీల్చాం? దేవదూత అంటారు మా సంఘంవాళ్ళు. కావచ్చు, కానీ దేవదూతకు నా గొంతెందుకు, నా చీరెందుకు? నేను ఆ క్షణంలో ప్రార్థన చేయడం లేదే. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడి గోడను చూస్తున్నాను. నేను చేయాల్సిన పని, నా గొంతుతో, నేను లేకుండానే జరిగిపోయింది. ఎలా జరిగిందో నాకు తెలియదు. ఇన్నాళ్ళయినా తెలియదు.

జ్యోతి బతికింది. చదువు ముగించింది, ఉద్యోగం చేసుకుంటోంది. ప్రతి రాత్రీ మోకాళ్ళ మీద ఆ ఒక్కదానికి స్తోత్రం చెబుతాను.

పెద్దాయన ఈమధ్య మళ్ళీ అడిగారు, "పొలం అని చెప్పకూడదా అమ్మా?" అని. చెప్పనన్నాను. అది వైన్ సెల్లార్. దేవుడు అక్కడికి రావడానికి సిగ్గుపడలేదు. ఆ పేరు చెప్పడానికి నేనూ సిగ్గుపడను.