పక్క సీటు బ్రేకు

మా అత్తయ్య కాలు ఒకచోట నిలవదు. స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగేటప్పుడు కూడా కుడికాలు నేలను నొక్కుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్ నడిపిన మనిషి మరి. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గర బిగించిన రెండో బ్రేకుతో ఊళ్ళో సగంమందిని బతికించింది. అందులో మా నాన్న కూడా ఉన్నాడు, ఒప్పుకోడు గానీ.

అంతమందిని రోడ్డెక్కించి, తను మాత్రం అవే నాలుగు వీధులు చుట్టింది. స్కూలు మూసేశాక ఆవిడకు ఒకటే పట్టుదల: స్కూలు మొదటి కారు, ఆ గుండ్రటి ముక్కు ముసలి బండిలోనే, దేశం ఆ చివర సముద్రం దాకా వెళ్ళాలి. మోకాలు మొండికేస్తోంది కాబట్టి సగం దూరం మామయ్య నడపాలి. లేకపోతే ప్రయాణమే లేదు.

బండి పని మొదలయ్యాక ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. రేడియేటర్ కడిగించింది. గొట్టాలు మార్పించింది. ఫ్యాన్ బెల్టు ఒకటి బిగించి, ఇంకొకటి డిక్కీలో పెట్టించింది. అన్నం మధ్యలో లేచి వెళ్ళి టైర్లు తట్టి వచ్చేది. మెకానిక్‌ను ప్రశాంతంగా టీ తాగనిచ్చేది కాదు. ఆఖరికి అతను బండి కిందనుంచే అన్నాడు: "అమ్మా, ఈ రెండో బ్రేకు కడ్డీ తుప్పు పట్టింది. దారిలో ఇరుక్కుందంటే ప్రాణం మీదికొస్తుంది. తీసేస్తున్నా."

"తీసెయ్. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళెవరున్నారు?" అంది అత్తయ్య.

ఆ సాయంత్రం బండి ఎలా ఉందో చూడ్డానికి బయల్దేరాం. మామయ్య స్టీరింగ్ ముందు, అత్తయ్య పక్కన, నేను వెనక. పెళ్ళైన కొత్తలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడాయన. ఆవిడ పక్కన లేకుండా ఏనాడూ కారు తీయలేదు. వీధి మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద ఇసుక పోశారు. మామయ్య కబుర్లు చెబుతూనే ఉన్నాడు. అత్తయ్య కాలు, రెండో బ్రేకు ఉండే చోట ఉత్త రేకును గట్టిగా తన్నింది. బండి తిన్నగా వెళ్ళి ఇసుకలో దిగబడింది.

"బ్రేకు పట్టలేదు," అన్నాడు మామయ్య.

మెకానిక్ పరుగెత్తుకొచ్చి తొక్కి చూశాడు. బ్రేకు శుభ్రంగా పట్టింది.

"అసలు మీరు తొక్కారా?" అంది అత్తయ్య.

"తొక్కే ఉంటాను. ఎప్పుడూ ఆగేది కదా."

అత్తయ్య మొహం పాలిపోయింది. "ఎప్పుడూ ఆపింది నేనండీ."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పేలోపే కాలు వెళ్ళిపోయేది."

నాకు నవ్వొచ్చింది. మామయ్య మొహం చూసి మింగేశాను. ఇన్నేళ్ళూ బండి తనే నడుపుతున్నానని నమ్మిన మనిషి ఆయన. "ఈ వయసులో నావల్ల కాదు, మానేద్దాం," అని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. అత్తయ్య ఆ పూట తిండి ముట్టలేదు. కోపం ఆయన మీద కంటే తన కాలు మీదే ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నన్ను ముందుకు పంపి తను వెనక సీట్లోకి ఎక్కింది. మోకాలు నొప్పెడుతున్నా కాళ్ళు పైకి తీసుకుని బాసింపట్టు వేసింది. "నేను చూడను. మీరే చూసుకోవాలి," అని కళ్ళు మూసుకుంది.

బండి కదిలింది. అద్దంలో ఆవిడ పళ్ళు బిగపట్టి కూర్చుని ఉంది. బజారు దాటాం. ఇసుక కుప్పను తప్పించుకున్నాం. ఇంకొంచెం దూరం వెళ్ళాక చిన్న కుదుపుతో బండి ఆగిపోయింది.

"ఏమైంది?" కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏం లేదు. కుక్క అడ్డొచ్చింది. వెళ్ళిపోయింది," అన్నాడు మామయ్య.

అత్తయ్య కళ్ళు తెరిచింది. ముందు ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. బండిలో కూర్చుని ఉండగా ఎదురొచ్చినదాన్ని ఆవిడ చూడకపోవడం అదే మొదలు. ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఎల్లుండి బయల్దేరదాం," అంది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుంటూ, "ఏ రంగు కుక్కండీ?" అని అడిగింది.