మల్లవ్వ వేన్నీళ్ల స్నానం

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, ఒంటిగది ఇళ్ల ఆ చాల్లో అందరికన్నా ముందు లేచేది మల్లవ్వ. ఇంట్లో అందరికన్నా చివర స్నానం చేసేదీ మల్లవ్వే. నల్లా ఐదింటికి వచ్చి ఆరున్నరకు ఆగిపోతుంది. ఆలోపు నీళ్లు పట్టాలి, కిరోసిన్ స్టవ్వు మీద కాచాలి, గది మూల స్నానానికి కట్టిన మోరీలోకి ఒక్కొక్కరినీ తోలాలి. ముందు మొగుడు శివరాం, తర్వాత టాక్సీ నడిపే కొడుకు గంగారాం, ఆపైన బడికెళ్లే మనవరాళ్లిద్దరు, కోడలు మంగళ. తన వంతు వచ్చేసరికి బకెట్టు అడుగున నాలుగు చెంబుల నీళ్లు మిగిలేవి, అవీ చల్లారిపోయి. ఎవరైనా అడిగితే "నాకు సన్నీళ్లే మంచిగుంటయ్" అనేది. పచ్చి అబద్ధం. ఆడవాళ్లకు ఇలాంటి అబద్ధాలు ఎవరు నేర్పుతారో గానీ, ముప్పయ్యైదేళ్లుగా ఇంటిల్లిపాదీ హాయిగా నమ్మారు.

పాలమూరు నుంచి పదహారేళ్లకే కాపురానికొచ్చి, ఇరవయ్యేళ్లు సిమెంటు తట్టలు మోసిన మనిషి. ఆ మోత ఇప్పుడు కుడి భుజంలో తేలింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. కొప్పు ముడేసుకోవాలన్నా కోడలే దిక్కు. రాసిన తైలాలకు లెక్కలేదు. చివరికి పక్కగది తారాబాయి దారి చెప్పింది.

"వజ్రేశ్వరి కాడ రోడ్డు పక్కనే గరం పానీ కుండముంటది. ఉత్తగ మునిగి లేస్తే కాదు. మెడ దాక మునిగి అర్ధగంట కూసోవాలె. నా మోకాళ్లు గట్లనే నెమ్మదైనయ్."

ఎనభై ఆరు జనవరిలో ఒక ఆదివారం బయల్దేరారు. గంగారాం బేరాలున్నాయని ఆగిపోయాడు. మిగిలినవాళ్లు బొంబాయి సెంట్రల్‌లో లోకల్ రైలెక్కి వసయిలో దిగి, అక్కడ ఎర్రటి సర్కారు ఎస్టీ బస్సు పట్టుకున్నారు. కొండలు దగ్గర పడుతుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. అమ్మవారి గుడి దగ్గర వరసలో రెండు గంటలు పోయాయి, జొన్నరొట్టెల మూట విప్పి తినేసరికి ఇంకో గంట. కొండ కింద కుండం చేరేసరికి మూడు దాటింది. తిరుగు బస్సు నాలుగింటికి. అది తప్పితే ఆరున్నరకే.

రోడ్డు దిగితే రాతి మెట్లు, మధ్యలో అడ్డుగోడ, అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. నీళ్ల మీద ఆవిరి, కాల్చిన అగ్గిపుల్లల వాసన. శివరాం అటు వెళ్లిపోయాడు. మల్లవ్వ మాత్రం బట్టల మూట ఒళ్లో పెట్టుకుని పైమెట్టు మీద కూర్చుంది.

"దిగవేందత్తమ్మా?" అంది మంగళ.

"ముంగట మీరు కానీండ్రి. అందరైనంక నేను పోసుకుంట."

వచ్చింది ఆమె భుజం కోసమని ఆమెకు తప్ప అందరికీ గుర్తుంది. మంగళ చెయ్యి పట్టి లాగింది, కసిరింది, చివరికి విసుగొచ్చి పిల్లలతో నీళ్లలోకి దిగింది. మనవరాళ్లు చెంబులతో నీళ్లు ముంచి ఒకరి మీద ఒకరు గుమ్మరించుకుంటుంటే మల్లవ్వ ప్రాణం విలవిల్లాడిపోయింది.

"ఏ పోరగాండ్లూ! నీళ్లు పారబొయ్యకుండ్రి! ఎనకొచ్చేటోళ్లకు ఉండద్దా?"

కుండంలో ఉన్న ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. ఒక మరాఠీ ముసలామె నవ్వాపుకుంటూ మంగళతో ఏదో అంది.

"ఈ నీళ్లు అయిపోవంటత్తమ్మా," అంది మంగళ. "భూమిల నుంచి వస్తనే ఉంటయంట."

మల్లవ్వ నమ్మలేదు. ఇంతమంది దిగాక ఇంకేం వేడి మిగులుతుంది? చివరికి మంగళా పిల్లలూ ఒళ్లు తుడుచుకుని మూట దగ్గరికి వచ్చాక, అలవాటు ప్రకారం చల్లారిన నీళ్లకు సిద్ధపడి, చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లు దిగింది. అప్పటికి నాలుగింటికి పది నిమిషాలు తక్కువ.

కాలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. కాలింది. మళ్లీ పెట్టింది. మోకాళ్లు, నడుము, భుజాలు. వేడి ఎముకల దాకా దిగింది. ఇందరు దిగి లేచిన నీళ్లు ఇంకా ఇంత వేడిగా ఎలా ఉన్నాయో ఆమెకు అర్థం కాలేదు. కాచేవాళ్లు లేరు, వంతులు లేవు. మనసు నిండిపోయింది. కాసేపటికి ఏడుపు కూడా వచ్చింది, ముప్పయ్యైదేళ్లు అందరికీ చెప్పిన సన్నీళ్ల అబద్ధం గుర్తొచ్చి. ముఖం మీద నీళ్లు చల్లుకుంది గనక ఎవరికీ తెలియలేదు.

రోడ్డు మీద హారన్ మోగింది. గోడ అవతలి నుంచి శివరాం కేకేశాడు.

"ఏమే, బస్సొచ్చింది! లవ్‌కర్ లేవ్, జల్ది!"

ఆ గొంతు వినగానే మల్లవ్వ ఒళ్లు దానంతటదే సగం పైకి లేచింది. తడిసిన భుజాలకు కొండగాలి చల్లగా తగిలింది. ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత మళ్లీ మెడ దాకా కూర్చుంది.

"పోనియ్యి. ఇంకోటొస్తది."

"ఇంకోటి ఆరున్నరకే!"

"ఆరున్నరకే పోదాం."

బస్సు వెళ్లిపోయింది. మంగళ నవ్వుకుంటూ పొడిచీర ఒళ్లో పెట్టుకుని పైమెట్టు మీద చతికిలబడింది, పిల్లలు శనక్కాయలు కొనమని తాత దగ్గరికి పరిగెత్తారు.

పెళ్లాం స్నానం కోసం కాచుకోవడం శివరాంకు అదే మొదలు. ఎంతసేపు కాచుకోవాలో కూడా తెలియదు పాపం. చాయ్ తాగాడు, బీడీ కాల్చాడు, రోడ్డు మీద అటూఇటూ తిరిగాడు. మధ్యమధ్య గోడ దగ్గరికొచ్చి "అయ్యిందా?" అని అడిగాడు.

"ఇంక కాలే," అని ప్రతిసారీ లోపలి నుంచి తీరిగ్గా జవాబు వచ్చింది.