డిక్కీ ఉన్న కారు కోసం దేవరకొండ దాకా

శుక్రవారం ఉదయం ఐదున్నరకు చౌటుప్పల్‌లో నల్లగొండ బస్సెక్కాం, నేనూ నా బామ్మర్ది నర్సింహా. దేవరకొండలో అమ్మకానికి ఉన్న ఒక సెడాన్ కారును చూడటానికి ప్రయాణం. ఒక మందుల కంపెనీ తన ఆఫీసర్లను తిప్పడానికి నర్సింహకు నెల కిరాయి ఇస్తానంది. షరతు ఒక్కటే: చిన్న కారు పనికిరాదు, వెనక కాళ్లు చాపుకునే జాగా, పెట్టెలు పట్టే డిక్కీ ఉండాలి. కొత్తది కొనే తాహతు లేదు.

ఇది రెండో ప్రయత్నం. మొదటిది నా వల్లే చెడింది. మూడేళ్ల కింద మా అత్త నేసే రెండు మగ్గాలు అమ్మి నర్సింహ కారు కొంటుంటే పెద్దరికం నేను మీదేసుకున్నాను. రాహుకాలం ముంచుకొస్తోందని, నడిపి చూడకుండానే బయానా ఇప్పించాను. యాదగిరిగుట్టలో పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ శ్రద్ధగా చేయించాను. కాళ్ల కింది మ్యాటు మాత్రం ఎత్తి చూడలేదు. అది వరదలో మునిగిన కారు. ఐదు నెలల్లో మూలకు పడింది. అప్పటినుంచి నర్సింహ ఇంకొకరి బండికి డ్రైవరు.

ఏడుంబావుకు నల్లగొండ. బస్టాండు ముందు ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై. దేవరకొండ బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. పక్కన పత్తి విత్తనాల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషి నన్ను చూసి చూసి అడిగాడు.

"దవాఖానకా? గంత పరేషాన్ ఉన్నవు."

"కారు చూడనీకి."

"కారుకేనా? నేనింకేందో అనుకున్న" అని కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిదిన్నరకు దిగాం. అమ్మేది ఒక రిటైరైన టీచరు. ఇల్లు ఖిలా గుట్ట కింద. బూడిద రంగు డీజిల్ బండి, ఎనిమిదేళ్లది. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాను. మ్యాట్లెత్తి వాసన చూశాను. సీట్ల కింది ఇనుప పట్టాలు తడిమాను, తుప్పు లేదు. నర్సింహ డ్రైవర్ సీటును తన పొడవుకు జరుపుకొని, దిగి, దాని వెనక కూర్చున్నాడు. మోకాళ్ల ముందు నాలుగు వేళ్ల సందు మిగిలింది.

"ఆఫీసర్లు కూసునేది ఈడ బావ, ముందట కాదు."

టీచరు భార్య చాయ్ ఇస్తూ, "పదిన్నరకు రాహుకాలం. ఇచ్చేదుంటే బయానా ఇప్పుడే ఇయ్యుండ్రి. మల్లేపల్లోల్లు గూడ వస్తమన్నరు" అంది. వెంటనే నా చేయి జేబులోకి పోయింది. మూడేళ్లలో నేనేమీ మారలేదని అప్పుడు తెలిసింది. చేయి ఖాళీగా బయటికి తీశాను.

"నడపకుండ ఇయ్యమమ్మా. వాళ్లు తీసుకపోతే పోనీ."

అన్నానే గానీ, ఈ కారు పోతే కంపెనీ కిరాయీ పోతుంది.

సరిగ్గా రాహుకాలంలోనే డిండి రోడ్డెక్కాం. "నాకు గా నమ్మకం లేదు గని, ఇంట్ల చెప్పకుండ్రి" అని టీచరు సారు నవ్వారు. ఏసీ పెట్టుకొని గంట పైనే తిరిగాం. ఎత్తు మీద మూడో గేరులో బాగానే గుంజింది. ఇంజన్ వేడెక్కలేదు. క్లచ్ మాత్రం బలంగా తొక్కితే తప్ప దిగడం లేదు. గుంతల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంది. ప్రతి చప్పుడుకూ "వద్దు" అనేయాలనిపించింది. అప్పుడు తీసుకోమని పెద్దరికం చూపించాను, ఇప్పుడు వద్దని తప్పించుకోవాలనుకుంటున్నాను. రెండుసార్లూ చూసుకున్నది నన్ను నేనే.

"ఏమంటవు బావ?" అన్నాడు నర్సింహ.

"చూసింది చెప్త. క్లచ్ మార్చాలె, ముందు చక్రం కాడ పనుంది. మిగతాది మంచిగుంది. నడిపేటోనివి నువ్వు. తీసుకునుడు, ఇడిసిపెట్టుడు నీ ఇష్టం."

నర్సింహ కావాలనే ఇంకో గుంతలోకి దింపి, ఆ టకటక మళ్లీ విన్నాడు. తర్వాత, "తీసుకుంట" అన్నాడు.

మల్లేపల్లి వాళ్లు అప్పటికింకా రాలేదు. నర్సింహ బయానా తన చేత్తోనే ఇచ్చాడు. కాగితాలు, కారు సోమవారం.

తిరుగు బస్సు రెండింటికి. ఇలాంటి కారు కోసం అటు పోయేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే: పొద్దున్నే పోండి, గంట నడపండి, నడిపేవాడిని మాట్లాడనివ్వండి. నల్లగొండ దగ్గర పడుతుంటే, ఇన్నేళ్లు నోట్లోనే ఉంచుకున్న మాట అన్నాను.

"అప్పుడు తప్పు నాదే నర్సింహ."

"కారుదేముంది బావ. మగ్గాలు ఇప్పి ట్రాలీల ఏసిననాడు అమ్మ ఒక్కతే వాకిట్ల నిలవడ్డది. నువ్వు రాకపోతివి."

నిజమే, పోలేదు. ఆ తర్వాత కూడా అత్త ముందుకు పోవడానికి నాకు మొహం చెల్లలేదు. చౌటుప్పల్ బస్సు కోసం నిలబడ్డప్పుడు, సోమవారం నేనూ రావాలా అని అడిగాను.

"రా. అమ్మను గూడ తోల్కరా" అన్నాడు. "నేను చెప్ప. నువ్వే మా ఇంటికొచ్చి పిలువు."