వేపమండలు కట్టిన గుమ్మం

నా చిన్నప్పుడు, కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో, అమ్మ దగ్గు వీధిలోకి వినపడకూడదని ఇంట్లో టీవీ గట్టిగా పెట్టేవాళ్ళం. మాది రాయ్‌పూర్‌లో రైలు పట్టాల వెనక బస్తీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే ఎక్కువ. ఎదురింటి తాతగారిని ఆసుపత్రి బండి వచ్చి తీసుకెళ్ళింది. ఆయన మళ్ళీ రాలేదు, ఇంట్లోవాళ్ళకి కడచూపు కూడా దక్కలేదు. ఆ తరవాత జ్వరం వచ్చిన ఏ ఇల్లూ నోరు విప్పలేదు.

నాన్న గూడ్సు బండి డ్యూటీ మీద దూరాన ఉన్నారు. ఇంటికి పెద్ద నాయనమ్మే. నేను బడి మొహం చూడలేదు, అక్షరాలైనా స్తోత్రాలైనా ఆవిడ నేర్పినవే. అలాంటి నాయనమ్మ వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని దానర్థం, ఆ ఇంట్లోకి పరాయివాళ్ళు అడుగుపెట్టరు. జ్వరాలు ఉన్నాయా అని ఇంటింటికీ తిరిగి అడిగే ఆరోగ్య కార్యకర్త, మితానిన్ దీదీ కూడా ఆ ఆకులు చూసి చేతులు జోడించి వెళ్ళిపోయింది. అమ్మ ఒంటిమీద ఒక్క పొక్కు లేదు. దేవతను అడ్డం పెట్టుకున్నామని నాకు ఒక భయం. అమ్మ ఊపిరి చప్పుడు వింటుంటే అంతకు మించిన భయం.

పక్కింటి అక్క పెద్దాసుపత్రిలో నర్సు. ఆదివారాలు చర్చికి వెళ్ళే మనిషే గానీ మా ఇళ్ళ ఆచారాలన్నీ ఎరిగినదే. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వస్తూ మా గుమ్మం ముందు ఆగింది. అంతా బయటపడిపోయిందని నేను తలుపు చాటుకి పోయాను. అక్క ఏమీ అడగలేదు. చెప్పులు దూరంగా విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, గడప బయట కూర్చుంది.

"మీ చర్చివాళ్ళకి కూడా అమ్మవారంటే భయమా, అమ్మాయ్?" అంది నాయనమ్మ.

"మీరంటే భయం, మామ్మగారూ. నేను గడప దాటనులెండి. పిన్ని చెయ్యి ఒక్కటి బయట పెట్టించండి."

తలుపు సందులోంచి అమ్మ చెయ్యి బయటికి వచ్చింది. అక్క ఆ చేతి వేలికి చిన్న మిషన్ తగిలించి చూసింది. మాస్కు పైన ఆమె కళ్ళు మారిపోవడం నేను చూశాను.

ఊపిరి చాలడం లేదనీ, ఇంక ఆగకూడదనీ, తన వార్డులోనే పడుకోబెడతాననీ మెల్లగా చెప్పింది. నాయనమ్మ కదల్లేదు. అప్పుడు అక్క గుమ్మానికున్న వేపరెమ్మ ఒకటి తుంచి చేతిలో పట్టుకుంది.

"అమ్మవారిని కూడా తోడు తీసుకెళ్తాను. రోజూ సాయంత్రం ఫోన్లో పిన్ని ముఖం చూపిస్తాను. చూపించని రోజు మా ఇంటి ముందుకొచ్చి తిట్టండి."

నాయనమ్మ తలుపు తీసింది.

ఒకరోజు సాయంత్రం ఫోను రాలేదు. నాయనమ్మా నేనూ దీపం ముందు కూర్చున్నాం. స్తోత్రం అయిపోతే మళ్ళీ మొదటినుంచి చదివాం. చీకటి పడ్డాక మోగింది. ముక్కుకి గొట్టంతో అమ్మ, నన్ను చూసి కళ్ళు ఆర్పింది. ఆ ముఖాన్ని ఇరుగుపొరుగంతా కిటికీలోంచి చూశారు. మర్నాటి నుంచి, మాలాగే ఎవరూ రాకూడదని వేప కట్టుకున్న ఇళ్ళవాళ్ళే అక్క వచ్చే వేళకు తలుపు తీసి నిలబడ్డారు. ఆమె ప్రతి గడప దగ్గరా చెప్పులు విడిచేది.

భయపడి దాచుకునేవాళ్ళను నిలదీయకూడదని, ముందు వాళ్ళ గడప దగ్గర కూర్చోవాలని నాకు ఆనాడే తెలిసింది. అమ్మకి ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ ఆయాసం వినపడినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి, మనసులో దణ్ణం పెట్టుకుంటాను.