జగ్గారావు కట్టిన గోడ

పోర్టులో క్రేను నడిపే జగ్గారావు నేల మీద కూడా పడవలో నిలబడ్డవాడిలా కాళ్లు ఎడం చేసి నడిచేవాడు. పొద్దస్తమానం అంత ఎత్తున, గాలికి ఊగే గదిలో కూర్చుని, ఆరిన బీడీ పెదవి చివర కరిచిపట్టి, ఓడల్లోంచి ఎరువుల బస్తాలు దించేవాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఊళ్లో భూమి కంపించింది. కింద కూలీలు కేకలేస్తూ పరుగెత్తుతుంటే, బస్తా ఏదో జారిపడిందనుకున్నాడే తప్ప అతనికి ఏమీ తెలియలేదు.

డ్యూటీ దిగి మద్దిలపాలెం చేరేసరికి వీధి వీధంతా బయటే ఉంది. ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడని ముసలివాళ్లు, భూమి లోపల రాళ్లు సర్దుకున్నాయని రేడియో విన్నవాళ్లు వాదించుకుంటున్నారు. భార్య గౌరీశ్వరి చంటిదాన్ని గుండెకు అదుముకుని రోడ్డు పక్కన కూర్చుంది. "భూమంతా ఊగిపోతే నీకు తెలీనేదేటి?" అంది. "నాను రోజూ ఊగుతానే కదే!" అని నవ్వుతూ లోపలికెళ్లాడు. గదిలో అడ్డగోడ పైభాగం కూలిపోయింది. పోయినేడు సిమెంటు దొరక్క, "లోపలి గోడే కదా, ఇది సాల్లే" అంటూ ఇటుకల మధ్య మట్టి పెట్టి తనే కట్టిన గోడ అది. ఇటుకల బరువుకి పిల్ల ఉయ్యాల చీర చిరిగి నేలకు వేలాడుతోంది.

బయటికొచ్చి, "అప్పుడు పిల్ల ఎక్కడుంది?" అని అడిగాడు. "పాలకేడిత్తే అప్పుడే ఉయ్యాల్లోంచి తీసినాను" అంది గౌరీశ్వరి. పక్కింటాయన వచ్చి, "ఇంకేటీ అవదు బావా, గోడ మల్లీ కట్టుకుందుం" అన్నాడు. జగ్గారావు నిద్రపోతున్న పిల్లను ఒళ్లోకి తీసుకుని, తలకింద పెట్టిన చెయ్యి తిమ్మిరెక్కినా కదపకుండా అలాగే కూర్చున్నాడు.