ఆపా పరాకు

మా అక్కని నేను ఆపా అనేదాన్ని. ఇంట్లో మిగతా అందరికీ ఆమె పరాకు పిల్ల. బాపట్లలో మా అబ్బా టైలరు. బడి నుంచి వచ్చాక ఆపా ఆయన పక్కన మిషను మీద జాకెట్లు కుట్టేది. కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కళ్లు ఎటో చూస్తుండేవి, పిలిస్తే పలికేది కాదు. అబ్బా లేచి వచ్చి నెత్తి మీద ఒకటి ఇచ్చేవాడు. ఆపా ఉలిక్కిపడి మళ్లీ కుట్టేది. దెబ్బకి దెయ్యమైనా వదులుతుందని ఆయన నమ్మకం. వదులుతున్నట్టే కనపడేది కదా, నమ్మకేం చేస్తాడు.

ఒకరోజు ఆపా కాలు ఆగినా చక్రం ఇంకా తిరుగుతూనే ఉండడంతో సూది వేలిలో దిగింది. ఆమె అరవలేదు. అప్పుడు గానీ అబ్బాకి భయం పుట్టలేదు. తెనాలి వెళ్లి ఈఈజీ అనే మెదడు పరీక్ష తీయించమని డాక్టరు రాశాడు. అది జబ్బా, బద్ధకమా తేలాలి. బద్ధకమైతే బడి మాన్పిస్తానని అబ్బా ముందే చెప్పేశాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వీధికి వస్తున్న రోజులవి.

ఊరికి వెళ్తూ పొడి జుట్టేంటని అమ్మీ ఆపా తలకి కొబ్బరినూనె కారేలా పట్టించి జడ వేసింది. తీరా వెళ్తే, "నూనె ఉంటే వైర్లు అంటుకోవమ్మా, తలంటుకుని రేపు రండి," అని పంపేశారు. రేపల్లెలో అమ్మీ చెల్లెలి ఇల్లు ఉండబట్టి సరిపోయింది. అక్కడ తలంటు పోసుకుని, పొద్దున్నే మళ్లీ తెనాలి రైలెక్కాం. దారి పొడవునా అబ్బా గొణుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరమ్మ నిదానస్తురాలు. ఆపా తలకి వైర్లు అతికించాక తెర మీద గీతలు చూపించింది.

"మెదడులో కణాలు సన్నటి కరెంటుతో మాట్లాడుకుంటాయండి. ఆ కరెంటు ఎగుడుదిగుళ్లే ఈ అలలు. మెలకువగా పని చేసుకుంటుంటే చిన్నగా, గబగబా వస్తాయి. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే కాస్త నిదానిస్తాయి. గాఢనిద్రలో పెద్దవై, బాగా నెమ్మదిస్తాయి. పేరాలలో నేతవాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు విన్నారుగా? ఎవరి దెబ్బ వాళ్లది. అలా ఉంటేనే పని జరుగుతున్నట్టు."

తర్వాత ఆపాని గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ ఉండమంది. కాసేపటికి ఆపా మధ్యలో ఆగిపోయింది. గీతలన్నీ ఒక్కసారిగా ఎగిరి, ఒకే వరసలో కొట్టుకున్నాయి.

"చూడండి, ఇప్పుడు వీధి వీధంతా ఒకే దెబ్బ కొడుతోంది. ఇక ఏ మాటా లోపలికి పోదు. మూర్ఛలో ఇదో రకం. దానంతటదే ఆగుతుంది."

గీతలు సర్దుకున్నాయి. ఏమీ జరగనట్టు ఆపా మళ్లీ ఊపిరి పీల్చింది.

"కొడితే ఆగదా అండి?" అన్నాడు అబ్బా.

"లేదండి. అది ఆగే టైముకి మీ దెబ్బ పడుతుందంతే. ముందు ఏం జరిగిందో పిల్లకి తెలీదు. దెబ్బ ఒక్కటే తెలుస్తుంది."

అబ్బా తల దించుకున్నాడు. నాకు జాలి వేయలేదు.

తిరుగు రైల్లో ఆయన ఆపాని అడిగాడు. "ఎందుకు కొడుతున్నావని ఒక్కసారైనా అడగలేదేంటమ్మా?"

"అందరి అబ్బాలూ ఇంతేనేమో అనుకున్నా," అంది ఆపా.

మాత్రలకి ఆగిపోవడాలు పోయాయి. కానీ ఆయన కత్తెర కోసం చెయ్యి చాపినా ఆపా తల పక్కకి తప్పించేది. తర్వాత్తర్వాత కత్తెర కావాలంటే ఆయన నన్ను పిలిచి ఇమ్మనేవాడు.