పిలిస్తే లేచేవాడని

మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే బాపు ఇంటికి వచ్చేవాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మాది చిన్న చాయ్ హోటల్. అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చుని, అమ్మతో కలిసి టీవీలో సినిమా చూసేవాడు. అమ్మకు ఆసుపత్రి సీనున్న సినిమా అయితే చాలు. ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర లైటు, బయట అటూ ఇటూ తిరిగే చుట్టాలు, తెల్లకోటు డాక్టరు మెల్లగా బయటికొచ్చి కళ్లద్దాలు తీసి ఇక దేవుడే దిక్కు అనడం. ఆ తర్వాత మిషన్ మీద గీత సాపుగా అయిపోతుంది. భార్య మంచం మీద పడి పిలుస్తుంది. గీత మళ్లీ లేస్తుంది. డాక్టరు నోరు తెరుస్తాడు.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకునేది. బాపు నవ్వేవాడు.

"పానం పోయినోడు పిలిస్తే లేస్తడా? అంత ఉత్తదే."

"లేస్తడు. పిలిచేటోళ్లు మనసు పెట్టి పిలువాలె," అనేది అమ్మ.

బాపుకు ఎన్నాళ్లుగానో కడుపులో మంట. గోలీ వేసుకుని పని చేసుకునేవాడు. కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున, చాయ్ పోస్తూ పోస్తూ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఎల్లారెడ్డిలో చూసినవాళ్లు కామారెడ్డికి తీసుకుపొమ్మన్నారు. నేను కామారెడ్డిలోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. అంబులెన్సు వచ్చేసరికి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. పుండు ముదిరి పేగుకు చిల్లి పడిందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని అన్నారు.

బాపును లోపలికి తీసుకుపోయాక అమ్మ తలుపు పైకి చూసింది.

"లైటు ఏది బిడ్డా?"

లైటు లేదు. చెప్పులు బయట విడవమని రాసిన కాగితం మాత్రం అతికించి ఉంది.

డాక్టరు ఆ తలుపులోంచి రానేలేదు. పక్క వరండాలోంచి వచ్చాడు. పొట్టి మనిషి, నాకంటే కొంచెం పెద్దేమో. మాసిన ఆకుపచ్చ బట్టలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. నడుస్తూనే చెప్పాడు. "చిల్లి మూసినం. కానీ శానా లేటయింది, చీము కడుపంత పాకింది. రెండు మూడు దినాలు చూడాలె." ఇంకెవరో పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

"ఈయన కాంపౌండరా? పెద్ద డాక్టరు ఎప్పుడొస్తడు?" అని అమ్మ నా చెయ్యి గుంజింది.

"ఈయనే అమ్మా ఆపరేషన్ చేసింది."

అమ్మ నమ్మలేదు. చాలాసేపు ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

బాపు తేరుకోలేదు. ఐసీయూలో అమ్మ ఆయన పక్కనుండగానే మిషన్ మోగింది. నర్సులు ఉరికి వచ్చి అమ్మను బయటికి నడవమన్నారు. "నన్ను ఉండనియ్యుండ్రి తల్లీ, నేను పిలుస్త," అంటూనే ఉంది. తలుపు వేశారు. అద్దంలోంచి మాకు డాక్టరు వీపు, బాపు ఛాతీ నొక్కుతూ లేచి పడే మోచేతులు కనిపించాయి. ఆయన అలిసిపోతే ఇంకొకరు, మళ్లీ ఆయన. ఎవరూ అరవలేదు. ఏ సంగీతమూ లేదు. చివరికి చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "శానా సేపు చేసినం. పోయిండమ్మా," అన్నాడు.

అమ్మ ఆయన్ను దాటుకుని లోపలికి పోయింది. బాపు ముఖం రెండు చేతులతో పట్టుకుని, "ఏమయ్యా, లెవ్వు. నేనే. లెవ్వు," అని పిలిచింది. పిలిచి మిషన్ వైపు చూసింది. అప్పటికే ఆపేశారు.

"పెట్టుండ్రి. నేను పిలుస్తున్న గద, మిషన్ పెట్టుండ్రి," అంది నర్సుతో. ఆ పిల్ల బాపు ఛాతీ మీది వైర్లు తీసింది.

అమ్మకు ఆ రోజు నుంచి ఒకటే మాట. తనను బయటికి పంపకపోతే బాపు బతికేవాడని. టీవీలో అలాంటి సీను వస్తే, "చూడు, ఆమెను లోపలికి రానిచ్చిండ్రు," అనేది. నాకు ఆ సినిమాలు తీసినవాళ్ల మీద కోపం వచ్చేది. సినిమా డాక్టరుకు ఆకలి ఉండదు, ఇంకో రోగి ఉండడు. ప్రాణం ఆయన చేతిలో కాక ఏడ్చేవాళ్ల ప్రేమలో ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ లెక్కన, మనిషి పోయాడంటే అతనివాళ్లు సరిగా పిలవలేదనే కదా.

ఆ డాక్టరే చెబితే నమ్ముతుందేమోనని, చలికాలంలో అమ్మను మళ్లీ కామారెడ్డి తీసుకుపోయాను. ఆయన విసుక్కోలేదు. కూర్చోబెట్టి, "అమ్మా, నువ్వు లోపలున్నా గంతే అయ్యేది. ఆగిన గుండెకు పిలుపు వినపడదు," అన్నాడు. అమ్మ తల ఊపింది. దండం పెట్టింది. నా మనసు తేలికైంది. ఇంటికొచ్చే బస్సు తాడ్వాయి దాటాక, కిటికీలోంచి చూస్తూ అంది. "ఆయన తప్పు ఆయనెందుకు ఒప్పుకుంటడు?"

ఈ ఏడు నాట్లప్పుడు, నాగిరెడ్డిపేటలో ఉండే అమ్మ స్నేహితురాలి భర్తను పొలంలో పాము కరిచింది. ఆసుపత్రిలో ఊపిరి మిషన్ పెట్టారు. అమ్మ ఆమెకు ఫోన్ చేసింది. "వాళ్లు పొమ్మన్నా పోకు. మంచం ఇడువకు. పిలుస్తనే ఉండు." నేను పక్కనే ఉన్నాను. వద్దనలేకపోయాను.

ఆమె మంచం వదల్లేదట. అతను కళ్లు తెరిచాడు. విషానికి విరుగుడు మందు వేళకు పడింది, అందుకే బతికాడు. అతను ఇంటికి వచ్చిన వారానికి ఆమె మా ఇంటికి వచ్చి అమ్మ కాళ్లు పట్టుకుంది.

"నువ్వు చెప్పకుంటే నా మొగుడు నాకు దక్కకపోతుండె అక్కా."

అమ్మ ఆమెను లేపి, చాయ్ పెట్టి ఇచ్చి, బస్టాండు దాకా సాగనంపి వచ్చింది. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేపితే లేవలేదు. విరుగుడు మందు సంగతి చెప్పబోయాను.

"గిప్పుడన్న నమ్ముతవా బిడ్డా," అంది, అటే తిరిగి.